వెబ్‌సైట్లు చేసే పిల్లలకు సర్టిఫికెట్ ఎంతవరకు పనికొస్తుంది?

మా సంఘం విద్యా సహాయ నిధికి ఈ ఏడు వచ్చిన దరఖాస్తుల్లో సగానికి పైగా ఒకే తరహావి. కాలేజీ ఫీజుకు కాదు, హాస్టలు ఖర్చుకు కాదు. 'వెబ్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ కోర్సు'లో చేరతాం, సాయం చేయండి అని. అడిగిన మొత్తం 25 వేల నుంచి 70 వేల దాకా ఉంది. హోసూరు బస్టాండు చుట్టుపక్కల ఒకసారి తిరిగితే కారణం తెలుస్తుంది. మూడు నెలల్లో వర్డ్‌ప్రెస్, పీహెచ్‌పీ, రియాక్ట్, చేతికి సర్టిఫికెట్, ఆపైన ఉద్యోగం గ్యారంటీ అని ప్రతి మెట్ల దారి పక్కనా ఒక బోర్డు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి పోయే కంపెనీ బస్సులు రోజూ కళ్లముందే కదులుతుంటాయి కాబట్టి తల్లిదండ్రులకు ఆ మాట నమ్మాలనే ఉంటుంది.

దరఖాస్తులు చూసే కమిటీలో అయిదుగురం ఉన్నాం. నలుగురం ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేసి రిటైరైనవాళ్లం, ఒకాయన హెడ్మాస్టరుగా చేశారు. కోడ్ రాయడం మాలో ఎవరికీ రాదు. కానీ నిధిలో ఉన్నది మీరు ఉగాదికీ సంక్రాంతికీ ఇచ్చిన చందా డబ్బు. దేనికిస్తున్నామో తెలియకుండా ఇవ్వలేం. అందుకని మన ఇళ్ల పిల్లల్లో ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడిగాం, దొరికినంత చదివాం. తెలిసింది హోసూరు ఇళ్లకే కాదు, బళ్లారిలో, షోలాపూర్‌లో, బరంపురంలో, యానాంలో ఇదే ప్రశ్న ఎదురయ్యే ఇళ్లకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో రెండు మాటలు. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా లోపల ఒక రాత ఉంటుంది, దాన్ని సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు దాన్ని బయటికి చూపించవు. కొన్నిటిని మాత్రం ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు అని లైసెన్స్‌లోనే రాసి విడుదల చేస్తారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అలాంటిది. వెబ్‌సైట్లు నడిపే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్, అపాచీ అలాంటివే. వెబ్‌సైటు కట్టుకోవడానికి వాడే డ్రూపల్ 2001లోనూ వర్డ్‌ప్రెస్ 2003లోనూ వచ్చాయి. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి 40కి పైగా ఇవాళ ఒక్క వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. మనం చదివే తెలుగు వికీపీడియా కూడా మీడియావికీ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉచితమైతే పని చేసేవాడికి జీతం ఎక్కడిదని మా హెడ్మాస్టరు గారు అడిగారు. ఇటుకలు ఊరికే వచ్చినా మేస్త్రికి కూలి ఇవ్వాలి కదా. బడికి, ఆసుపత్రికి, బట్టల కొట్టుకి, ప్రభుత్వ శాఖకి వెబ్‌సైటు కట్టి, దాన్ని పాడవకుండా చూసే మనిషి కావాలి. ఆ పనికే డబ్బు.

ఈ రంగంలో ఉన్న ఒక విశేషం మిగతా ఉద్యోగాల్లో లేదు. మామూలు కంపెనీలో పదేళ్లు కోడ్ రాసినా, బయటికొచ్చాక అదిగో నేను చేసినది అని చూపించలేం. అది కంపెనీ సొత్తు. ఓపెన్ సోర్స్‌లో అలా కాదు. గిట్ అనే పనిముట్టులో ఏ లైను ఎవరు మార్చారు, ఏ తేదీన మార్చారు, ఎందుకు మార్చారు అన్నది శాశ్వతంగా నమోదై ఉంటుంది. మా ఆఫీసుల్లో ఫైలు పక్కన నోటు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసేవాళ్లం చూడండి, అలాంటిదే. తేడా ఏమిటంటే ఈ ఫైలును లోకంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. వర్డ్‌ప్రెస్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ అందులో చేయి వేసినవాళ్ల పేర్ల పట్టీ వేస్తారు. డ్రూపల్‌లో ఒక దోషాన్ని సరిచేస్తే చేసినవాళ్ల ఖాతాలో ఆ సంగతి రాస్తారు.

అందుకే ఈ పనిలో ముదిరినవాళ్లను సర్టిఫికెట్ గురించి అడిగితే నవ్వుతారు. "పని కళ్లముందు కనిపిస్తుంటే కాగితమెందుకు బాబాయ్?" అని మా దగ్గరా ఒకతను అన్నాడు. పన్నెండేళ్లుగా డ్రూపల్ మీద పనిచేస్తున్నవాడు. అతని విషయంలో అది నిజమే. అతని పేరు కొడితే చేసిన పనంతా కనిపిస్తుంది, ఉద్యోగం మారాలనుకుంటే పాత స్నేహితుడు ఒకడు ఫోను చేస్తే చాలు.

అయితే అలా చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తున్నారని మాకనిపించింది. దరఖాస్తుల కట్ట మొదట ఎవరి బల్ల మీదికి వస్తుంది? ఈ విషయంలో మాత్రం మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, బతుకంతా ఆ బల్ల వెనకే కూర్చున్నాం. నాలుగు ఖాళీలకు మూడు వందల దరఖాస్తులు వస్తే గుమాస్తా ఎవరి తెలివినీ కొలవడు. అతనికి ఆ అధికారమూ లేదు, శక్తీ లేదు. ప్రకటనలో అడిగిన వయసు ఉందా, చదువు ఉందా, నకళ్లు జతచేశారా అని చూసి టిక్కు పెడతాడు. టిక్కు పడనివి పక్క కట్టలోకి పోతాయి, పక్క కట్టలోవి లోపలి గదిలోకి పోవు. కంపెనీల్లో ఇప్పుడు ఆ బల్ల దగ్గర హెచ్‌ఆర్ వాళ్లుంటారు, కొన్నిచోట్ల కంప్యూటరే ఆ వడపోత చేస్తుంది. వాళ్లెవరూ కోడ్ చదవరు. కోడ్ చదవడం వచ్చిన మనిషి రెండో గదిలో ఉంటాడు. గిట్‌లో ఉన్న పని అతని కోసం. మొదటి బల్ల దాటడానికి మాత్రం ఏదో ఒక కాగితం కావాలి.

ఎవరికి కావాలి అన్నదే అసలు ప్రశ్న. పేరున్న కాలేజీలో చదివిన పిల్లకు ఆ కాలేజీ పేరే కాగితం. మేనమామ కంపెనీలో మేనేజరైతే ఆ మేనమామే కాగితం. ఈ రెండూ లేని ఇళ్లు మనలో ఎక్కువ. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో మరాఠీనో ఒడియానో నేర్చి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషుతో కుస్తీ పడతారు. పని వచ్చినా నోరు తిరగక వెనక్కి వచ్చిన పిల్లలను మేము చూశాం. అలాంటివాళ్ల తరఫున ఒక మంచి పరీక్ష ఫలితం మాట్లాడుతుంది. పెళ్లయి, పిల్లలు పుట్టి, నాలుగైదేళ్లు ఉద్యోగం మానేసిన ఆడపిల్లలకు కూడా అంతే. ఈ మధ్య ఏం చేశావమ్మా అని అడిగితే చూపించడానికి కొత్త తేదీతో ఒకటి ఉండాలి.

ఇక ఏది సర్టిఫికెట్, ఏది కాదు అన్నది. దీనికి మాకు పాత టైపు పరీక్ష గుర్తొచ్చింది. ఈ పేజీ చదివే పెద్దల్లో చాలామంది ఆ పరీక్ష పాసైనవాళ్లే. వీధి చివర ఇన్‌స్టిట్యూట్‌లో నెలకింత అని కట్టి, పొద్దున్నే వెళ్లి గంటసేపు కొట్టి నేర్చుకున్నాం. కానీ సర్టిఫికెట్ ఇచ్చింది ఆ ఇన్‌స్టిట్యూట్ కాదు. పరీక్ష ప్రభుత్వం పెట్టేది. గంట కొట్టగానే మొదలుపెట్టాలి. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. కాగితం దిద్ది తప్పులు లెక్కపెట్టేది మన మొహం ఎరగని మనిషి. మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు ఎంత మంచివారైనా మమ్మల్ని పాస్ చేయించలేరు. అందుకే ఏ ఆఫీసులో చూపించినా ఆ కాగితానికి విలువ ఉండేది. టైపు కొట్టడం వస్తుందా అని మళ్లీ అడిగేవాళ్లు కాదు.

బస్టాండు దగ్గరి బోర్డులను ఈ లెక్కన చూడండి. నేర్పేది వాళ్లే, పరీక్ష పెట్టేది వాళ్లే, కాగితం మీద ముద్ర వేసేదీ వాళ్లే. చాలాచోట్ల పరీక్ష కూడా ఉండదు, హాజరైతే చాలు. కిందటేడు మన సభ్యుల్లో ఒకరు ఇంట్లో గొలుసు కుదువబెట్టి కొడుకు కోసం 65 వేలు ఇలాంటి ఒకచోట కట్టారు. వచ్చిన సర్టిఫికెట్ చూశాం. బంగారు అంచు, రెండు సంతకాలు, చక్కగా ఉంది. కుర్రవాడు బెంగళూరులో ఆరేడు చోట్లకు వెళ్లాడు. కాగితం తిరగేసి కూడా చూడలేదు, నువ్వు చేసిన పని ఏదైనా ఉంటే లింకు ఇవ్వు అన్నారు. కోర్సులో వాడు చేసిన రెండు వెబ్‌సైట్లూ ఆ ఇన్‌స్టిట్యూట్ సర్వర్ మీద ఉండేవి, కోర్సు అయిపోగానే తీసేశారట. కాగితం ఉండి పని లేదు, పని చేసినా ఆధారం లేదు. తెలివిలేని కుర్రవాడు కాడు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాడు.

ఇన్‌స్టిట్యూట్‌లన్నీ మోసమని మేమనడం లేదు. నేర్పేవాడు బాగా నేర్పితే ఆ ఫీజు చదువుకు చెల్లుతుంది. దాన్ని సర్టిఫికెట్ ఖర్చుగా లెక్క వేసుకోవడమే పొరపాటు.

బయటివాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్లు ఓపెన్ సోర్స్ రంగంలో కొన్ని ఉన్నాయి. మన టైపు పరీక్షకు దగ్గర చుట్టం రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. ఇది వెబ్ డెవలపర్ల కోసమే పెట్టింది కాదు, లినక్స్ యంత్రాలు నడిపేవాళ్లకు. కానీ వెబ్‌సైటు నివసించేది ఆ యంత్రం మీదే కాబట్టి డెవలపర్లూ రాస్తారు. ఇందులో నాలుగింట్లో ఒకదానికి టిక్కు పెట్టే ప్రశ్నలుండవు. ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, ఇవిగో ఈ పనులు చెయ్యి అంటారు. ఇంటర్నెట్‌లో వెతుక్కోవడానికి వీల్లేదు. యంత్రాన్ని ఆపి మళ్లీ లేపినా చేసినవన్నీ నిలబడి పనిచేస్తేనే మార్కులు. చేతిలో పని లేనివాడు బట్టీ పట్టి గట్టెక్కలేడు. ఫీజు బాగా ఎక్కువ, చెల్లుబాటు మూడేళ్లే. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు మేము దీన్ని చెప్పం. రెండు మూడేళ్లు పనిచేసి మెట్టు ఎక్కాలనుకునేవాళ్లకు మాత్రం కట్టిన డబ్బుకు తగినది.

మొదటి మెట్టుకు మాకు నచ్చింది లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. ఎల్‌పీఐ అంటారు. ఇది 1999లో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ, కెనడాలో ఉంది. ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడదు. వీళ్లు వెబ్ డెవలప్‌మెంట్ ఎసెన్షియల్స్ అని ఒక పరీక్ష పెడతారు. 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. పేజీ అల్లే హెచ్‌టీఎంఎల్, దాన్ని సింగారించే సీఎస్‌ఎస్, పేజీని కదిలించే జావాస్క్రిప్ట్, సర్వర్ వైపు సంగతులు కొంత అడుగుతారు. ఒకసారి పాసైతే గడువు లేదు. పాఠాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఊరికే దొరుకుతాయి. బీసీఏ రెండో ఏడు చదివే పిల్ల ఇంట్లో కూర్చుని చదివి రాయగలదని మన పిల్లలు చెప్పారు. దీనితోనే ఉద్యోగం వస్తుందని కాదు, మొదటి బల్ల మీద ఒక టిక్కు పడుతుంది.

డ్రూపల్‌ది కొంచెం వేరే కథ. దాన్ని మొదలుపెట్టిన బెల్జియం దేశస్థుడు డ్రీస్ బైటార్ట్ తర్వాత 2007లో అక్వియా అనే కంపెనీ భాగస్వామిగా స్థాపించారు. ఆ కంపెనీ 2014 నుంచి డ్రూపల్ డెవలపర్లకు పరీక్షలు పెడుతోంది. వేలమంది కలిసి కట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఒక కంపెనీ ముద్ర వేయడమేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. అడగడం న్యాయమే. అయినా ముద్ర వేసేవాడికి ఆ పని తెలుసన్నది మాత్రం ఎవరూ కాదనరు. అందుకే డ్రూపల్ పనిచేసే కంపెనీలు దాన్ని గుర్తిస్తాయి.

ఆ పరీక్షల్లో మన ఇళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఒక్కో పరీక్ష డ్రూపల్‌లో ఒక్కో వెర్షన్‌కు. డ్రూపల్ 7 అనేది 2011 జనవరిలో వచ్చింది. 2015 నవంబరులో వచ్చిన డ్రూపల్ 8లో లోపలి కట్టడం చాలావరకు మార్చేశారు, ఏడు వచ్చినవాళ్లు కూడా ఎనిమిదికి కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. అయినా పాత సైట్లు చాలా ఉండటంతో ఏడును ఏళ్లతరబడి మోశారు. 2025 జనవరి 5తో దానికి మద్దతు ఆపేశారు. డ్రూపల్ 7 సర్టిఫికెట్ ఇంకా పెట్టెలో ఉన్నవాళ్లుంటారు. కాగితం చిరగలేదు, సంతకం చెరగలేదు, దాని కింద ఉన్న నేల కదిలిపోయింది. మేము పద్దెనిమిదేళ్లకు పాసైన టైపు హయ్యరు యాభై ఎనిమిదేళ్లకు రిటైరయ్యేదాకా చెల్లింది. ఈ పిల్లలకు ఆ అదృష్టం లేదు. అందువల్ల కోర్సు చెప్పేవాణ్ణి మొదట అడగాల్సిన ప్రశ్న, ఏ వెర్షన్ చెబుతావు అని. జవాబు తడుముకుంటే చెప్పులు తొడుక్కుని వచ్చేయవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉన్న వర్డ్‌ప్రెస్ మాత్రం రెండు దశాబ్దాలపాటు ఇలాంటి అధికారిక డెవలపర్ పరీక్ష లేకుండానే ఎదిగింది. మన బజార్లో 'వర్డ్‌ప్రెస్ సర్టిఫైడ్' అని ఎవరైనా అమ్ముతుంటే, సర్టిఫై చేసింది ఎవరు అని అడగండి. చాలాసార్లు ఆ మేడ మీది ఇన్‌స్టిట్యూటే. వర్డ్‌ప్రెస్‌లో పేరు రావాలంటే పని చూపించడమే దారి.

టిక్కు పెట్టే పరీక్షలకు ఒక జబ్బు ఉంది, చెప్పకుండా ఉండలేం. పాత ప్రశ్నలను దొంగతనంగా పోగుచేసి 'డంప్స్' అని అమ్ముతారు. వాటిని బట్టీ వేసి పాసైన పిల్లలు రెండో గదిలో రెండు నిమిషాల్లో దొరికిపోతారు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు కూడా. అలాంటిది కొనడానికి ఇంట్లో డబ్బు అడిగితే ఇవ్వకండి.

గుమాస్తాలం కాబట్టి ఇంకో మాట. ఇంటి నుంచే రాసే పరీక్షల్లో కెమెరా ముందు గుర్తింపు కార్డు చూపించాలి, పరీక్షకు నమోదు చేసిన పేరు కార్డులోని పేరుతో సరిపోవాలి. మన పిల్లల పేర్లతో ఇక్కడే చిక్కు. ఆధార్‌లో తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది, మార్కుల జాబితాలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో ముందుది వెనక్కి పోతుంది. పేరు కలవకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు. నమోదు చేసేముందే కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి.

డబ్బు లేకుండా నేర్చుకునే దారులు ఇన్నున్నాయని ఈ పనిలో దిగేదాకా మాకే తెలియదు. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ వాటిలో మొదటిది. కేంద్ర ప్రభుత్వ సాయంతో రూపొందింది, ప్రధానంగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించే. ఒక్కో పాఠం పది నిమిషాల చిన్న వీడియో. పక్కనే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకుని, చూస్తూ ఆపుతూ చేసుకుంటూ పోవాలి. లినక్స్, పీహెచ్‌పీ, హెచ్‌టీఎంఎల్ వంటివి ఉన్నాయి. తెర మీద ఇంగ్లీషే కనిపిస్తుంది గానీ చెప్పే గొంతు మన దేశ భాషల్లో ఉంటుంది. తెలుగులోనూ ఉంది, అన్ని పాఠాలకూ కాకపోయినా చాలావాటికి. ఇది మన ఇళ్లకు ఎంత సరిపోతుందో చూడండి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వస్తుంది, తెలుగు చదవడం రాదు. బళ్లలో తెలుగు పోయాక అలా అయింది. ఈ పాఠాలకు వినడం వస్తే చాలు. అమ్మ మాట్లాడే భాషలో సర్వర్ గురించి వినడం ఆ పిల్లలకు మొదటిసారి. కాలేజీల ద్వారా నమోదైతే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ కూడా ఇస్తారు.

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ రెండోది. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఈ మధ్య ఏళ్లలో 1000 రూపాయలు కట్టి, కేటాయించిన సెంటరుకు వెళ్లి పరీక్ష రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. డేటాబేస్, ప్రోగ్రామింగ్ వంటి పునాది విషయాలు ఇందులో బాగుంటాయి. వెబ్‌సైట్ల పని నేరుగా కావాలంటే ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. 2014లో మొదలైన ఈ లాభాపేక్ష లేని సంస్థ పాఠాలు చెప్పి, ప్రాజెక్టులు చేయించి, సర్టిఫికెట్ ఇస్తుంది, పైసా తీసుకోదు. ఆ కాగితానికి బజార్లో పెద్ద బరువు లేదని మన పిల్లలన్నారు, అయితే ప్రాజెక్టులు మన దగ్గరే మిగులుతాయి. 65 వేలు కట్టిన కుర్రవాడికి మిగలనిది అదే. తమిళనాడు కాలేజీల్లో చదివేవాళ్లు 2022లో మొదలైన 'నాన్ ముదల్వన్' పథకం కింద తమ కాలేజీలో ఏ కోర్సులు ఉన్నాయో ముందు కనుక్కోవాలి. ఇంటి పక్కన ఊరికే దొరికేదానికి బయట డబ్బు కడుతున్నవాళ్లున్నారు.

ఇక పని. ఓపెన్ సోర్స్‌లో చేయి పెట్టడమంటే మొదటి రోజే కోడ్ రాయడం కాదు. దోషం కనిపిస్తే వివరంగా రాసి పంపడం, సహాయ పత్రాల్లో తప్పులు దిద్దడం, అనువాదం చేయడం కూడా పనికిందే లెక్క. వర్డ్‌ప్రెస్‌ను తెలుగులోకి తెచ్చే అనువాదం ఎవరైనా ఖాతా తెరిచి చేయొచ్చు. సూచించిన మాటను ఇంకొకరు సరిచూసి ఒప్పుకుంటారు, అది మీ పేరున నమోదవుతుంది, మీ వర్డ్‌ప్రెస్ ఖాతా మీద అనువాదకులన్న గుర్తు కనిపిస్తుంది. మీడియావికీకి ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట ఇదే పని జరుగుతుంది. తెలుగు చదవడం రాయడం వచ్చిన మన పిల్లకు ఇక్కడ పోటీ తక్కువ. తెలుగు నేర్చుకుంటే ఏమొస్తుంది తాతయ్యా అని ఆదివారం తరగతికి రాని పిల్లలకు ఇప్పుడు మా దగ్గర ఒక జవాబు ఉంది. అది ఒక్కటే జవాబని కాదు లెండి.

ఈ ఏడు వచ్చిన దరఖాస్తుల్లో ఒక అమ్మాయిది వేరుగా ఉంది. తండ్రి గులాబీ తోటలో పనిచేస్తాడు, ఆమె బీసీఏ పూర్తిచేసింది. కోర్సుకు 48 వేలు అడుగుతూ వచ్చింది. మన పిల్లలు ఆమెతో మాట్లాడి, కోర్సులో చెప్పేదాంట్లో ముప్పాతిక ఆమెకు ముందే వచ్చని తేల్చారు. లేనిది ధైర్యం, కాగితం. ఆమె మా సంఘం వెబ్‌సైటును వర్డ్‌ప్రెస్‌లో మళ్లీ కట్టింది. కోడ్‌ను గిట్‌హబ్‌లో తన పేరున పెట్టుకుంది. ఇప్పుడు ఎల్‌పీఐ పరీక్షకు చదువుతోంది. ఉద్యోగం ఇంకా రాలేదు, వస్తుందని మేము మాట ఇవ్వలేం. కాకపోతే ఆమెకయ్యే ఖర్చు 48 వేలలో చిన్న భాగం, గొలుసు మెడలోనే ఉంది.

జీతం ఎంత పెరుగుతుందని అందరూ అడిగే ప్రశ్నకు మా దగ్గర అంకె లేదు. సర్టిఫికెట్ ఉంటే ఇంత, లేకుంటే అంత అని ఎవరైనా గీత గీసి చెబితే వాళ్లు ఏదో అమ్ముతున్నారని అనుకోవచ్చు. పనిలో ఉన్న పిల్లలు చెప్పింది వేరు. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగులకు పరీక్ష ఫీజు తామే కడతాయట, మా దగ్గర ఇంతమంది సర్టిఫైడ్ మనుషులున్నారని కాంట్రాక్టు ఇచ్చేవాళ్లకు చూపించుకోవడానికి. అలాంటిచోట చేరేదాకా ఆగగలిగితే పెద్ద పరీక్షల ఖర్చు మన నెత్తిన పడదు. పరీక్షకు చదివేటప్పుడు రోజువారీ పనిలో తగలని మూలలు కూడా చదవాల్సి వచ్చిందని, నిజమైన లాభం అదేనని ఇద్దరన్నారు.

ఇవన్నీ చూసి కమిటీ ఈ ఏడాదికి ఇలా నిర్ణయించింది. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ కోర్సు ఫీజుకు నిధి నుంచి డబ్బు ఇవ్వం. నేర్పినవాళ్లు కాక వేరే సంస్థ పెట్టే పరీక్షకు, పాసైన తర్వాత, రసీదు చూపిస్తే ఫీజు తిరిగి ఇస్తాం. ముందే కట్టుకోలేని ఇళ్లకు సగం ముందు ఇస్తాం. ఒకసారి తప్పితే రెండోసారికి సగం ఇస్తాం, మూడోసారికి ఇవ్వం. దరఖాస్తుతో పాటు తాము చేసిన ఏదో ఒక పనికి లింకు జతచేయాలి, చిన్నదైనా సరే, అనువాదమైనా సరే. దీనివల్ల కొందరు తల్లిదండ్రులకు మా మీద కోపం వచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పటికే అడ్వాన్సు కట్టిన ఇద్దరి సంగతి వచ్చే సమావేశంలో విడిగా చూస్తాం.

ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా సంఘం గదిలో రెండు పాత కంప్యూటర్లు లినక్స్‌తో పెట్టి ఉంచాం. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మన పిల్లల్లో ముగ్గురు వంతులవారీగా వచ్చి కూర్చుంటామన్నారు. వచ్చేవాళ్లు ఆధార్, మార్కుల జాబితా రెండూ తెచ్చుకోండి. పేర్లు కలుస్తున్నాయో లేదో ఆ పని మాత్రం మేము చూసిపెడతాం.